వ్యవసాయ శాస్త్రజ్ఞులకు నాయకత్వ పాఠాలు

హైదరాబాదులో రాజేంద్రనగర్ అనగానే చాలామందికి వ్యవసాయ విశ్వవిద్యాలయం గుర్తుకు వస్తుంది. అక్కడే మరో సంస్థ కూడా ఉంది. దాని పేరు జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ. పొట్టిగా ‘నార్మ్’ అంటారు. ఇది కొత్త వరి వంగడాలను తయారుచేసే సంస్థ కాదు. కొత్త పురుగు మందులను పరీక్షించే సంస్థ కూడా కాదు. ఇక్కడ తయారయ్యేది మనుషులు! దేశంలోని వ్యవసాయ పరిశోధన సంస్థలలో చేరబోయే యువ శాస్త్రజ్ఞులు ముందుగా ఇక్కడికి వస్తారు. అప్పటికే వాళ్ళు పెద్ద చదువులు చదివి, అఖిల భారత స్థాయి పోటీ పరీక్షలో నెగ్గి ఉంటారు. మరి వాళ్ళు ఇంకా నేర్చుకోవలసింది ఏముంది?

ఇంకో విశేషం చూడండి. శిక్షణలో భాగంగా ఈ యువ శాస్త్రజ్ఞులను జట్లుగా విభజించి పల్లెలకు పంపుతారు. నేలల శాస్త్రం చదివినవారు, పశువుల జబ్బులు తెలిసినవారు, కీటకాలను పరిశోధించినవారు, అర్థశాస్త్రం చదువుకున్నవారు ఒకే జట్టులో ఉంటారు. అందరూ ఊళ్ళోనే మకాం పెడతారు. అక్కడ రైతులకు ఉపన్యాసాలు ఇవ్వడం వాళ్ళ పని కాదు. అడగడం, వినడం, చూడడం, చూసినదానిని కలిసి అర్థం చేసుకోవడం, ఇదీ వాళ్ళ పని.

శాస్త్రజ్ఞుడికి వినడం నేర్పడమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. కాని ఈ పాఠం తేలికగా పుట్టలేదు. దీని వెనుక ఒక కరువు ఉంది, కొన్ని విఫల ప్రయత్నాలు ఉన్నాయి, ఒక యువ శాస్త్రజ్ఞుడి విషాద మరణం కూడా ఉంది. ఆ చరిత్రను తెలుసుకుందాం.

పైనుంచి కిందికి

మన దేశంలో ఆధునిక వ్యవసాయ పరిశోధనకు 1905లో బీహారులోని పూసా గ్రామంలో పునాది పడింది. అక్కడ బ్రిటిష్ ప్రభుత్వం ఒక పరిశోధన సంస్థను నెలకొల్పింది. 1934లో వచ్చిన పెద్ద భూకంపంలో ఆ భవనం దెబ్బతినడంతో సంస్థను 1936లో ఢిల్లీకి తరలించారు. ఢిల్లీలోని ఆ ప్రాంగణాన్ని నేటికీ ‘పూసా’ అనే పిలుస్తారు. ఈలోగా లార్డ్ లిన్‌లిత్‌గో అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్ భారతీయ వ్యవసాయాన్ని పరిశీలించి 1928లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1929 జూలై 16న ఒక కేంద్ర మండలి ఏర్పడింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసిఎఆర్, అని మనం పిలుస్తున్నది దీనినే.

ఆ రోజుల్లో వ్యవసాయ శాఖ కూడా రెవెన్యూ శాఖలాగే నడిచేది. పై అధికారి ఆదేశిస్తాడు, కింది ఉద్యోగి పాటిస్తాడు. రైతు అన్నిటికన్నా కింది మెట్టు మీద ఉంటాడు. నాయకత్వం అంటే అధికారం అనే భావన బలంగా ఉండేది.

1943లో బెంగాలును మహా కరువు కుదిపేసింది. లక్షలాది ప్రజలు ఆకలికీ, దానివెంట వచ్చిన జబ్బులకూ బలయ్యారు. నాలుగేళ్ళకే స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త ప్రభుత్వం ముందున్న మొదటి సమస్య తిండి గింజలు. పరిశోధన కేంద్రంలో తెలిసిన విషయాన్ని లక్షల గ్రామాలకు చేర్చేది ఎవరు?

దీనికి ఒక సమాధానం ఉత్తర ప్రదేశ్‌లోని ఇటావా జిల్లాలో దొరికింది. అమెరికన్ వాస్తుశిల్పి ఆల్బర్ట్ మేయర్ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక ఇంజనీరుగా మన దేశానికి వచ్చి, నెహ్రూతో పరిచయం పెంచుకున్నాడు. ఆయన సూచనలతో 1948లో మహేవా గ్రామం కేంద్రంగా ఒక ప్రయోగం మొదలైంది. అందులో కీలకమైన వ్యక్తి గ్రామస్థాయి కార్యకర్త. రకరకాల శాఖల నుంచి రకరకాల ఉద్యోగులు వచ్చిపోయే బదులు, వ్యవసాయం, పశువులు, పారిశుద్ధ్యం అన్నిటికీ ఒక్క మనిషే ఊరికి తోడుగా ఉంటాడు. అతడు ఊరికి అధికారి కాదు, మిత్రుడు. ఇదీ ఆ ప్రయోగం వెనుక ఉన్న ఆలోచన.

ఈ అనుభవమే ఆధారంగా 1952 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, 55 ప్రాజెక్టులతో సమాజ వికాస పథకం ప్రారంభమైంది. గ్రామస్థాయి కార్యకర్తకు ‘గ్రామసేవక్’ అని పేరు పెట్టారు. దేశమంతటా శిక్షణ కేంద్రాలు వెలిశాయి. పథకంలో పనిచేసే పై అధికారుల కోసం 1958లో ముస్సోరీలో ఒక సంస్థ ఏర్పడింది. అది తరువాత హైదరాబాదుకు తరలివచ్చింది. నేడు రాజేంద్రనగర్‌లో ఉన్న జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ అదే.

గ్రామసేవక్ ఆలోచన గొప్పదే. కాని ఆచరణలో చిక్కులు వచ్చాయి. సుమారు పది గ్రామాలకు ఒక్క మనిషి. చేతిలో బోలెడు పనులు. పైనుంచి వచ్చే లక్ష్యాలు: ఇన్ని ఎరువు గుంటలు, ఇన్ని బావులు, ఇన్ని ప్రదర్శన క్షేత్రాలు. లెక్కలు పంపడంలోనే అతడి పొద్దు గడిచిపోయేది. ఊరి మిత్రుడు కావలసినవాడు పై ఆఫీసుకు గుమాస్తాగా మిగిలాడు. శిక్షణలో ‘ప్రజల మాట వినండి’ అని చెప్పారు. ఉద్యోగంలో మాత్రం ‘మేము చెప్పినది చెయ్యండి’ అన్నారు. ఈ రెంటికీ పొత్తు కుదరలేదు. మన చరిత్రలో మొదటి పాఠం ఇదే: మనిషికి శిక్షణ ఇచ్చి, అతడు పనిచేసే వ్యవస్థను మాత్రం మార్చకపోతే ఆ శిక్షణ నిలవదు.

కొమిల్లా: ఊరు ఎన్నుకున్న విద్యార్థి

సరిగ్గా ఇదే సమయంలో, నేడు బంగ్లాదేశ్‌గా ఉన్న అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో ఒక భిన్నమైన ప్రయత్నం జరిగింది. అక్కడి కొమిల్లా పట్టణంలో 1959లో గ్రామీణాభివృద్ధి అకాడమీ ప్రారంభమైంది. దాని తొలి డైరెక్టరు అఖ్తర్ హమీద్ ఖాన్. ఆయన 1914లో ఆగ్రాలో జన్మించాడు. ఐ.సి.ఎస్.లో చేరి, బెంగాలు కరువు తరువాత ఆ గొప్ప ఉద్యోగాన్ని వదిలేశాడు. పేదవాడి బ్రతుకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని అలీగఢ్ సమీపంలోని ఒక పల్లెలో కూలిగానూ, తాళాలు తయారుచేసే పనివాడిగానూ కొంతకాలం గడిపాడు.

అకాడమీ పని ప్రభుత్వోద్యోగులకు శిక్షణ ఇవ్వడం. ‘పల్లె గురించి మనకే తెలియకుండా ఇతరులకు ఏం చెబుతాం?’ అన్న ప్రశ్న అక్కడ మొదటే ఎదురైంది. అందువల్ల పక్కనే ఉన్న కొత్వాలి ఠాణా గ్రామాలను ప్రయోగశాలగా ఎంచుకున్నారు. రసాయన శాస్త్రం నేర్చుకోవడానికి ప్రయోగశాల ఎలా అవసరమో, గ్రామీణ నాయకత్వం నేర్చుకోవడానికి గ్రామం అలా అవసరం అన్నమాట.

అక్కడ చేసిన ముఖ్యమైన మార్పు ఒకటుంది. బయటి నుంచి ఒక గ్రామసేవకుడిని ఊరికి పంపే బదులు, ఊళ్ళోని రైతులే సహకార సంఘంగా ఏర్పడి, తమలో నుంచి ఒక నిర్వాహకుడినీ, ఒక ఆదర్శ రైతునూ ఎన్నుకుంటారు. వాళ్ళు వారం వారం శిక్షణ కేంద్రానికి వచ్చి, నిపుణులతో మాట్లాడి, కొత్త విషయం నేర్చుకుని, తిరిగి వెళ్ళి తమ సంఘానికి చెబుతారు. మరుసటి వారం వచ్చేటప్పుడు ఊరి ప్రశ్నలనూ, వైఫల్యాలనూ వెంట తెస్తారు. అంటే విద్య ఒకవైపే ప్రవహించదు. నిపుణుడు కూడా వారానికొకసారి పరీక్ష రాయవలసిందే! ఈ కృషికి ఖాన్‌కు 1963లో రామన్ మెగసెసే అవార్డు లభించింది.

కొమిల్లా పద్ధతిని తరువాత దేశమంతటికీ విస్తరించినప్పుడు చాలాచోట్ల సంఘాలు పెద్ద రైతుల చేతుల్లోకి పోయాయి. ఒక చోట ఓపికగా పెంచిన మొక్కను వేలాది ఊళ్ళలో ఒక్కసారిగా నాటడం సాధ్యం కాదని అప్పుడు తెలిసింది. అయినా శిక్షణ పొందవలసిన మనిషిని ఊరే ఎన్నుకోవాలనీ, శిక్షకుడు కూడా ఆ మనిషి నుంచి నేర్చుకోవాలనీ చెప్పిన కొమిల్లా ఆలోచన దక్షిణాసియా అంతటికీ ఆదర్శంగా నిలిచింది.

ఆజ్ఞలు లేని నాయకుడు

ఇక మళ్ళీ మన పరిశోధన సంస్థల సంగతికి వద్దాం. 1957లో మొక్కజొన్న మీద తొలి అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం మొదలైంది. ‘సమన్వయం’ అనే మాటలోనే ఒక కొత్త రకం నాయకత్వం దాగి ఉంది. అదెలాగో చూద్దాం.

ఒక కొత్త వంగడం మంచిదో కాదో ఒకే చోట పండించి తేల్చలేం. కోస్తా నల్లరేగడి నేలలో బాగా పండినది పంజాబు చలికి తట్టుకోకపోవచ్చు. కాబట్టి ఒకే విత్తనాన్ని, ఒకే పద్ధతిలో, దేశంలోని అనేక కేంద్రాలలో ఒకే కాలంలో నాటి ఫలితాలను పోల్చాలి. ఈ కేంద్రాలు వేరు వేరు రాష్ట్రాలలో, వేరు వేరు సంస్థల కింద ఉంటాయి. పథకాన్ని నడిపే సమన్వయకర్త ఆ శాస్త్రజ్ఞులలో చాలామందికి పై అధికారి కాదు. వాళ్ళ జీతం ఆపలేడు, బదిలీ చేయలేడు. మరి వాళ్ళచేత పని ఎలా చేయిస్తాడు? నచ్చజెప్పి, కలుపుకొనిపోయి, అందరి ఫలితాలకూ సమానమైన గౌరవం ఇచ్చి!

ఏటా ఒకసారి అందరూ సమావేశమయ్యేవారు. ప్రతి కేంద్రం తన అంకెలను అందరి ముందూ పెట్టాలి. వాటిని ఎవరైనా ప్రశ్నించవచ్చు. పెద్ద శాస్త్రజ్ఞుడు తయారుచేసిన వంగడమైనా అన్ని చోట్లా ఓడిపోతే పక్కకు తప్పుకోవలసిందే. అంకెలు ముఖం చూడవు కదా!

వరి మీద ఇటువంటి పథకం 1965లో రాజేంద్రనగర్ కేంద్రంగా ప్రారంభమైంది. డాక్టర్ ఎస్.వి.ఎస్. శాస్త్రి దాని సమన్వయకర్త. తెలుగు రైతులకు ఎంతో పరిచయమైన ‘జయ’ వంగడం ఈ పథకం ద్వారానే 1968లో విడుదలైంది. నేడు భారతీయ వరి పరిశోధన సంస్థగా ఉన్నది ఆ పథకం నుంచి ఎదిగినదే. పొట్టి గోధుమ విత్తనాల కథ కూడా ఈ కాలానిదే. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనాలు దిగుమతి అయ్యాయి. 1964-65లో సుమారు 120 లక్షల టన్నులున్న గోధుమ దిగుబడి 1970-71 నాటికి దాదాపు 240 లక్షల టన్నులకు చేరింది.

1965లో ఐసిఎఆర్‌కు మొదటిసారి ఒక శాస్త్రజ్ఞుడు, డాక్టర్ బి.పి. పాల్, డైరెక్టర్ జనరల్ అయ్యాడు. మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలు అనేకం ఐసిఎఆర్ కిందికి వచ్చాయి. బయటికి చూస్తే అంతా విజయమే. కాని లోపల ఒక పుండు ముదురుతోంది.

1972: ఒక మరణం, ఒక ప్రశ్న

1972 మే నెలలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న ఒక యువ సస్యశాస్త్రజ్ఞుడు ఆత్మహత్య చేసుకున్నాడు. తనకూ, తనవంటి వారికీ ఉద్యోగ నియామకాలలో అన్యాయం జరుగుతోందన్న ఆవేదనను ఆయన ఒక లేఖలో రాసి ఉంచాడు. దేశం నిర్ఘాంతపోయింది. పత్రికలు రాశాయి, పార్లమెంటులో చర్చ జరిగింది. హరిత విప్లవాన్ని తెచ్చిన సంస్థలలో శాస్త్రజ్ఞులు ఇంత నిస్పృహలో ఉన్నారా అన్న ప్రశ్న బయలుదేరింది.

ప్రభుత్వం సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి పి.బి. గజేంద్రగడ్కర్ అధ్యక్షతన ఒక విచారణ కమిటీని నియమించింది. ఐసిఎఆర్‌లో నియామకాలు, సిబ్బంది విధానాలు ఎలా ఉన్నాయో పరిశీలించి కమిటీ 1973లో నివేదిక సమర్పించింది.

ఇక్కడ సమస్యను కాస్త వివరంగా అర్థం చేసుకోవాలి. ఒక ప్రయోగశాలలో పదిమంది శాస్త్రజ్ఞులు ఉన్నారనుకోండి. వారిపైన ఒకే ఒక్క పెద్ద పదవి ఉంది. అది ఖాళీ అయితేనే ఒకరికి ప్రమోషన్. మిగిలిన తొమ్మిదిమంది ఎంత మంచి పరిశోధన చేసినా అక్కడే ఉండిపోవాలి. అంటే పక్క బల్ల దగ్గర కూర్చున్న సహచరుడే పోటీదారు. పైగా ఎవరు పైకి వెళ్ళాలో తేల్చడంలో పై అధికారి మాటకే ఎక్కువ విలువ. ఇప్పుడు పై అధికారి నమ్మిన సిద్ధాంతానికి విరుద్ధంగా కింది శాస్త్రజ్ఞుడి ప్రయోగంలో ఫలితం వచ్చిందనుకోండి. అతడు ధైర్యంగా చెప్పగలడా? చెప్పలేకపోతే నష్టం అతడొక్కడికే కాదు. తప్పుడు అంకె ఆధారంగా తప్పుడు సలహా పుడుతుంది. ఆ సలహా చివరికి రైతు పొలంలోకి చేరుతుంది. కాబట్టి శాస్త్రజ్ఞుడి గౌరవం అతడి సొంత విషయం మాత్రమే కాదు, దేశం అన్నం గిన్నెతో ముడిపడిన విషయం.

కుర్చీ కోసం కాదు, పని కోసం

కమిటీ నివేదిక తరువాత ఒకదాని వెంట ఒకటిగా సంస్కరణలు వచ్చాయి. అప్పటి డైరెక్టర్ జనరల్ డాక్టర్ ఎం.ఎస్. స్వామినాథన్ హయాంలో ఇవి అమలయ్యాయి. 1973లో నియామకాల కోసం వ్యవసాయ శాస్త్రజ్ఞుల నియామక మండలి ఏర్పడింది. దీనితో సంస్థలోని వారే తమకు కావలసినవారిని ఎంచుకుంటారన్న అనుమానానికి చోటు తగ్గింది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వంలో వ్యవసాయ పరిశోధన, విద్యలకు ప్రత్యేక విభాగం వచ్చింది. 1975 అక్టోబరు 1 నుంచి వ్యవసాయ పరిశోధన సర్వీసు అమలులోకి వచ్చింది. ఐ.ఎ.ఎస్. లాగా ఇది కూడా అఖిల భారత పోటీ పరీక్ష ద్వారా ప్రవేశం కల్పించే సర్వీసు.

ఈ సర్వీసులో అసలు మార్పు ప్రమోషన్ల పద్ధతిలో ఉంది. మొదట్లో ఖాళీ ఉన్నా లేకపోయినా ఐదేళ్ళకొకసారి శాస్త్రజ్ఞుడి పనిని మదింపు చేసేవారు. పని బాగుంటే పై గ్రేడుకు వెళ్ళేవాడు, లేదా అదనపు ఇంక్రిమెంట్లు పొందేవాడు. తన బల్ల దగ్గరే, తన పరిశోధన కొనసాగిస్తూనే ఎదగవచ్చు. పక్కవాడు ఎదిగితే తన దారి మూసుకుపోదు. సహకారానికి ఇంతకుమించిన పునాది ఏముంటుంది? డైరెక్టరు వంటి నిర్వహణ పదవులను పరిమిత కాలానికి ఇచ్చే పద్ధతి కూడా స్థిరపడింది. పదవి శాశ్వత సింహాసనం కాదు, కొన్నేళ్ళపాటు మోసే బాధ్యత అన్నమాట.

వ్యవస్థ మారింది. కాని మనుషుల అలవాట్లు? నియమాలను కాగితం మీద ఒక్క రోజులో మార్చవచ్చు. ఇతరుల మాట వినే గుణాన్ని ఉత్తర్వుతో పుట్టించలేం. గ్రామసేవకుల విషయంలో శిక్షణ ఉండి వ్యవస్థ మారలేదు. ఇప్పుడు వ్యవస్థ మారింది, శిక్షణ కావాలి. అందుకోసమే 1976 సెప్టెంబరు 1న రాజేంద్రనగర్‌లో ‘సెంట్రల్ స్టాఫ్ కాలేజీ ఫర్ అగ్రికల్చర్’ ప్రారంభమైంది. 1979లో దాని పేరును ‘నేషనల్ అకాడమీ’గా మార్చారు. మనం మొదట చెప్పుకున్న నార్మ్ ఇదే.

‘స్టాఫ్ కాలేజీ’ అన్న మాట సైన్యం నుంచి వచ్చింది. తుపాకి కాల్చడం వచ్చినంత మాత్రాన సేనను నడపడం రాదు. అందువల్ల సైనికాధికారులను కొంతకాలం పని నుంచి తప్పించి ప్రత్యేకంగా చదివిస్తారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండులోని హెన్లీలో ఇదే ఆలోచనను పౌర పరిపాలనకూ, పరిశ్రమలకూ వర్తింపజేశారు. ఆ నమూనాలోనే 1956లో హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. మరో ఇరవై ఏళ్ళకు వ్యవసాయానికి కూడా స్టాఫ్ కాలేజీ వచ్చింది.

హెన్లీలో ప్రసిద్ధికెక్కిన ఒక బోధన పద్ధతిని ‘సిండికేటు’ అంటారు. రకరకాల నేపథ్యాలున్న పదిమందిని ఒక బృందంగా చేస్తారు. వారికి ఒక సమస్య ఇస్తారు. ఒక్కో సమస్యకు ఒక్కొక్కరు అధ్యక్షులుగా ఉంటారు. ఈ రోజు అధ్యక్షుడు రేపు మామూలు సభ్యుడు. ఇందులో చమత్కారం గమనించారా? ప్రతి ఒక్కరూ నడిపించడమూ, నడవడమూ రెండూ నేర్చుకుంటారు. నిన్న తన మాట ఎవరూ వినలేదని బాధపడినవాడు నేడు అధ్యక్షస్థానంలో కూర్చుంటే, మూలన మౌనంగా ఉన్న సభ్యుడిని పలకరించడం మరచిపోడు.

ఊరే తరగతి గది

గదిలో ఎన్ని అభ్యాసాలు చేసినా రైతు ముందు కూర్చోవడం వేరు. అందుకే యువ శాస్త్రజ్ఞుల ప్రాథమిక కోర్సులో గ్రామ అనుభవ శిక్షణకు చోటు ఇచ్చారు. 1980ల చివరిలో దీనికి మరింత పదును పెట్టే పద్ధతులు మన దేశంలో రూపుదిద్దుకున్నాయి. కర్ణాటక, గుజరాత్ వంటి రాష్ట్రాలలోని స్వచ్ఛంద సంస్థలు గ్రామస్తులతో కలిసి ఊరి పరిస్థితిని అంచనా వేసే విధానాన్ని అభివృద్ధి చేశాయి. దీనిని ప్రపంచానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడు బ్రిటిష్ పండితుడు రాబర్ట్ ఛాంబర్స్. ఆయన 1989-91 మధ్య హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండే ఈ పద్ధతుల మీద కృషి చేశాడు.

ఈ విధానంలో ప్రశ్నావళి కాగితాలకు బదులు నేల, ముగ్గు పిండి, చింతగింజలు ఉపయోగపడతాయి. ఊరివారే నేలమీద తమ ఊరి పటం గీస్తారు. చెరువు ఎక్కడ, పల్లం ఎక్కడ, ఏ బావి ఎప్పుడు ఎండింది అన్నీ చూపిస్తారు. ఏ నెలలో ఎంత పని, ఎంత అప్పు, ఎంత తిండి అన్నది గింజల కుప్పలతో చెబుతారు. చదువు రాని అవ్వ కూడా ఇందులో పాలుపంచుకోగలదు. శాస్త్రజ్ఞుడు కర్రను ఊరివారి చేతికిచ్చి పక్కన కూర్చోవాలి. అన్నీ తెలిసినవాడికి ఇదే అన్నిటికన్నా కష్టమైన పని!

రైతు చెప్పినదంతా శాస్త్రమని దీని అర్థం కాదు. రైతుకు తన పొలం చరిత్ర తెలుసు. ఆకు మచ్చకు కారణమైన శిలీంధ్రం పేరు శాస్త్రజ్ఞుడికి తెలుసు. రెండు జ్ఞానాలూ కలిస్తేనే సరైన ప్రశ్న పుడుతుంది. సరైన ప్రశ్న పుడితేనే సరైన పరిశోధన జరుగుతుంది.

పాఠం ఇంకా పూర్తి కాలేదు

పరిశోధన వైపు ఈ మార్పులు జరుగుతుండగా విస్తరణ వైపు మరో ప్రయోగం నడిచింది. డేనియల్ బెనోర్ అనే నిపుణుడు రూపొందించిన ‘శిక్షణ-సందర్శన’ పద్ధతి 1974 నుంచి ప్రపంచ బ్యాంకు సాయంతో రాజస్థాన్, మధ్య ప్రదేశ్‌లలోని చంబల్ ప్రాంతంలో మొదలై అనేక రాష్ట్రాలకు పాకింది. విస్తరణ కార్యకర్తకు పదిహేను రోజులకొకసారి శిక్షణ, పదిహేను రోజులకొకసారి ప్రతి రైతు బృందం దగ్గరకు సందర్శన. గ్రామసేవకుడి మీద పడిన నానా పనుల భారం దీనితో తగ్గింది. క్రమశిక్షణ పెరిగింది. కాని సందేశం మళ్ళీ పైనుంచి కిందికే ప్రవహించింది. నీటివసతి ఉన్న గోధుమ, వరి పొలాలకు ఒకే సందేశం సరిపోవచ్చు. వానమీద ఆధారపడిన మెట్ట సేద్యంలో ఒక్కో చేను ఒక్కో తీరు. పైగా సంప్రదింపు రైతులుగా ఎంచుకున్నవారిలో అత్యధికులు మగవారే. నాట్లు వేసి, కలుపు తీసి, విత్తనం దాచే మహిళలకు ఆ సందేశం సరిగా చేరలేదు.

ఇటువంటి విస్తరణ అధికారుల నిర్వహణ శిక్షణ కోసమే 1987లో రాజేంద్రనగర్‌లో మరో జాతీయ సంస్థ ఏర్పడింది. దానిని నేడు ‘మేనేజ్’ అనే పొట్టి పేరుతో పిలుస్తున్నారు. 1998లో మన రాష్ట్రంతో సహా ఏడు రాష్ట్రాలలో ‘ఆత్మ’ అనే జిల్లాస్థాయి సంస్థలను ప్రయోగాత్మకంగా నెలకొల్పి, ప్రణాళికలో రైతులకు కూడా స్థానం కల్పించారు. ఇండోనేషియాలో వరి సుడిదోమ బెడదను ఎదుర్కోవడానికి 1989లో మొదలైన రైతు క్షేత్ర పాఠశాలలు మన ప్రాంతానికి ‘పొలంబడి’గా వచ్చాయి. పొలంబడిలో రైతులు స్వయంగా పురుగులను లెక్కించి, మిత్ర పురుగులేవో శత్రు పురుగులేవో గుర్తించి, మందు కొట్టాలా వద్దా అని తామే నిర్ణయిస్తారు. అక్కడ అధికారి పని సమాధానం చెప్పడం కాదు, రైతులు సమాధానం కనుక్కునేలా చేయడం.

ఈ సంస్కరణలతో అన్ని చిక్కులూ తీరిపోయాయని అనుకోకూడదు. శిక్షణలో నేర్చుకున్నది తిరిగి ఆఫీసుకు వెళ్ళగానే మరుగున పడే ప్రమాదం నేటికీ ఉంది. వందకు పైగా పరిశోధన సంస్థలు, 700కు పైగా కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్న ఇంత పెద్ద వ్యవస్థలో ప్రతి గదిలోనూ చిన్నవారి మాటకు విలువ ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ఈ శిక్షణ ఒక్కసారితో ముగిసేది కాదు. యువ శాస్త్రజ్ఞులకే కాక, విభాగాధిపతులకూ, డైరెక్టర్లకూ కూడా నార్మ్‌లో నాయకత్వ కోర్సులు నడుస్తున్నాయి. పెద్దవారు కూడా మళ్ళీ బెంచీ మీద కూర్చోవలసిందే.

ఈ చరిత్ర మొత్తాన్ని కలిపి చూస్తే ఒక విషయం బోధపడుతుంది. గ్రామసేవకుడికి శిక్షణ ఉంది, మాట చెల్లే వ్యవస్థ లేదు. 1972 నాటి శాస్త్రజ్ఞుడికి చదువు ఉంది, మాట చెప్పుకునే వీలు లేదు. మెట్ట రైతుకు అనుభవం ఉంది, దానిని అడిగేవారు లేరు. మూడు చోట్లా నష్టపోయింది వ్యవసాయమే. కిందినుంచి వచ్చే నిజం పైకి చేరడానికి దారి వేసేవాడే వ్యవసాయంలో నాయకుడు. ఆ దారి వేయడానికి మంచి మనసు ఒక్కటే చాలదు, మంచి నియమాలు కూడా కావాలి. నియమాలు ఒక్కటే చాలవు, అభ్యాసం కూడా కావాలి.

ఈ అభ్యాసాన్ని మీరు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మీ పాఠశాలలోనో, కళాశాలలోనో సైన్సు క్లబ్బు ఉంటే, ఈసారి ప్రాజెక్టుకు ఒకరినే శాశ్వత నాయకుడిగా ఎంచుకోకండి. వారానికొకరు అధ్యక్షులుగా ఉండండి. ఎవరి అంకెలనైనా ఎవరైనా ప్రశ్నించవచ్చునని ముందే నియమం పెట్టుకోండి. ప్రాజెక్టు వ్యవసాయానికి సంబంధించినదైతే, పుస్తకం తెరిచే ముందు మీ ఊళ్ళో ఒక రైతు దగ్గరకో, ఒక కూలి అమ్మ దగ్గరకో వెళ్ళి అరగంట కూర్చోండి. మీరు మాట్లాడకుండా ఎంతసేపు వినగలిగారో గడియారం చూసి రాసుకోండి. ఆ అంకె మీకే ఆశ్చర్యం కలిగించవచ్చు!